వేడి ఎక్కడికి పోతుంది?

(మన సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు ఫోను చేసి, "ఈసారి డి.ఎ. బకాయిలు, మెడికల్ బిల్లులు కాకుండా వేరే ఏదైనా విషయం మీద ఒక అరగంట మాట్లాడండి" అన్నారు. నాకు తెలిసిన విషయాలు రెండే. ఒకటి నీళ్లు, రెండోది వేడి. ఈ రెంటి గురించీ మాట్లాడతాను. కాకపోతే పాల్వంచ స్టేషన్లో కాదు, హైదరాబాదులో మా అమ్మాయి ఇంట్లో, మా మనవడి కంప్యూటరులో. వాడు ఆటలాడుకునే కంప్యూటరుకి మేమిద్దరం కలిసి నీటి శీతలీకరణ అమర్చాం. అందులో నేనొక తప్పు చేశాను. ఆ తప్పు మీ ముందు చెప్పుకోవడానికే రైలెక్కి వచ్చానని మనవి చేసుకుంటున్నాను.

నేను 1971లో కెమికల్ లేబొరేటరీలో చేరి 2005లో పదవీ విరమణ చేసిన సంగతి మీలో చాలామందికి తెలుసు. ముప్పై నాలుగేళ్లు బాయిలరు నీళ్లకు, కండెన్సరు నీళ్లకు, కిన్నెరసాని నుంచి వచ్చే నీళ్లకు పరీక్షలు చేశాను. "ఈ కెమిస్టు నీళ్లు చూసి మనిషి జాతకం చెప్తాడు" అని ఆపరేషన్ వాళ్లు నన్ను ఆటపట్టించేవారు. ఆ మాటకు అప్పట్లో పైకి నవ్వేవాడిని గాని, లోపల కొంచెం గర్వంగానే ఉండేది. ఆ గర్వమే తరవాత నా కొంప ముంచింది.

మా మనవడు ఇంటర్ చదివేటప్పుడు, 2020లో, వాళ్ల నాన్న చేత విడిభాగాలు కొనిపించుకుని తనే స్వయంగా ఒక కంప్యూటరు బిగించుకున్నాడు. రాత్రింబవళ్లు దాని ముందే. నేనొక రోజు ఉండబట్టలేక దాన్ని "జూదం పెట్టె" అన్నాను. వాడు మారు మాట్లాడలేదు. అయితే ఆ రోజు నుంచి నేను గుమ్మం దగ్గరకు వస్తే తెర ఆర్పేసేవాడు. ఒకే ఇంట్లో ఉంటూ మూడేళ్లు మేమిద్దరం "అన్నం తిన్నావా" అంటే "తిన్నా తాతయ్యా" అన్నంతవరకే మాట్లాడుకున్నాం.

2023 మే నెల. వాడు ఇంజనీరింగు సెలవుల్లో ఉన్నాడు. నా మంచం వాడి గది గోడ పక్కనే. ఒక రాత్రి ఆ గోడ అవతల నుంచి మోత వినిపించింది. అది మనందరికీ తెలిసిన మోత. లోడు పెరుగుతూ, డ్రాఫ్టు చాలక ఫ్యాను ఆయాసపడుతుందే, అదే చప్పుడు. లేచి వెళ్లి తలుపు తట్టాను. కంప్యూటరు వెనక చెయ్యి పెట్టి చూస్తే సెగ కొడుతోంది. అలవాటుకొద్దీ "టెంపరేచరు ఎంతరా?" అన్నాను. వాడు నా మొహం వంక ఒక్క క్షణం చూసి, "ప్రాసెసరు 88, కార్డు 83 తాతయ్యా" అన్నాడు. ఆ రెండు అంకెలతో మా మధ్య మళ్లీ మాటలు మొదలయ్యాయి.

విషయమేమిటంటే, వాడు ఆడుతున్నది నేననుకున్నట్టు జూదం కాదు. విమానం నడిపే ఆట. నిజమైన భూగోళం మీద, నిజమైన విమానాశ్రయాల మధ్య, కాక్‌పిట్‌లో మీటర్లు చూసుకుంటూ నడపాలి. పాత యంత్రానికి ఆ లెక్కలు అందక బొమ్మ ఆగి ఆగి కదిలేదని, ట్యూషన్లు చెప్పి కూడబెట్టుకున్న డబ్బుతో ఆ నెలలోనే రెండు భాగాలు మార్చాడు. పాత ప్రాసెసరు రైజెన్ 5 3600. దాని స్థానంలో 2022లో విడుదలైన రైజెన్ 7 5800 ఎక్స్ 3డి. రెంటికీ సాకెట్టు ఒకటే కాబట్టి మదర్‌బోర్డు మార్చనక్కర లేదు. కోర్లు ఆరు నుంచి ఎనిమిది అయ్యాయి. అంతకంటె ముఖ్యం, ప్రాసెసరులోనే ఉండే క్యాష్ అనే జ్ఞాపకశక్తి 32 మెగాబైట్ల నుంచి 96 మెగాబైట్లు అయింది. ప్రతి చిన్న బోల్టుకీ స్టోర్సుకి ఇండెంటు పెట్టి తెచ్చుకునే బదులు మన సెక్షన్లోనే పెద్ద బీరువా పెట్టుకుంటే పని ఎంత సాఫీగా సాగుతుందో మీకు చెప్పనక్కర లేదు. విమానం ఆటకు ఆ బీరువా బాగా పనికొస్తుంది.

రెండోది గ్రాఫిక్స్ కార్డు. తెర మీద బొమ్మ గీసేది ఇదే. 2020లో వచ్చిన ఆర్.టి.ఎక్స్. 3080 రకం కార్డు సెకండ్ హ్యాండులో కొన్నాడు. అవి అప్పుడు అందుబాటు ధరకు వచ్చిన కారణం వింతగా ఉంటుంది. ఎథీరియం అనే డిజిటల్ నాణెం కోసం లోకమంతా ఈ కార్డులతో రాత్రింబవళ్లు లెక్కలు వేయించారు. 2022 సెప్టెంబరులో ఆ నాణెం పద్ధతి మారి, కార్డులతో పని లేకుండా పోయింది. అవన్నీ బజారులోకి వచ్చాయి. మావాడు కొన్నదీ అలా చాకిరీ చేసి వచ్చిందే. పాత 550 వాట్ల ఎస్.ఎం.పి.ఎస్. చాలదు గనుక 850 వాట్లది పెట్టాడు.

ఇలాంటి మార్పులు చేసే పిల్లలు మీ ఇళ్లలోనూ ఉంటారు కాబట్టి రెండు జాగ్రత్తలు చెబుతాను. ప్రాసెసరు మార్చే ముందు, పాతది ఉండగానే, మదర్‌బోర్డులోని బయాస్ అనే మూల ప్రోగ్రామును కొత్తదిగా మార్చుకోవాలి. లేకపోతే కొత్త ప్రాసెసరును బోర్డు గుర్తుపట్టదు. ఆ మార్చే అయిదు నిమిషాల్లో కరెంటు పోతే బోర్డే చెడిపోవచ్చు. కరెంటు ఆఫీసులో పనిచేసిన మనం ఈ మాట చెప్పుకోవడం బాగుండదు గాని, యూపీఎస్ మీద పెట్టి చేయడం క్షేమం. రెండోది, ఆ తరగతి ప్రాసెసరుకి అడుగున 1,331 సన్నని సూదులుంటాయి. పైనున్న కూలరుకీ ప్రాసెసరుకీ మధ్య రాసిన పేస్టు ఏళ్ల తరబడి ఎండి జిగురులా పడుతుంది. మావాడు కూలరును నిటారుగా లాగితే ప్రాసెసరు కూడా సాకెట్టులోంచి ఊడి వచ్చి నాలుగు సూదులు వంగాయి. ముందు కాసేపు యంత్రం నడిపి, పేస్టు వెచ్చబడ్డాక కూలరును అటూ ఇటూ మెల్లగా తిప్పి తీయాలి. ఆ వంగిన సూదుల్ని సీసం తీసేసిన పెన్సిలు గొట్టంతో వాడే సరిచేశాడట. దాన్ని పాత కంప్యూటరు చేసి వాళ్ల అమ్మకిచ్చాడు. ఇప్పటికీ నడుస్తోంది.

ఇక వేడి సంగతి. కొత్త ప్రాసెసరు లెక్క 105 వాట్లు, కార్డు లెక్క 320 వాట్లు. వెరసి 425. మనం నడిపిన స్టేషన్లో బొగ్గు వేడిలో మూడో వంతుకు అటూ ఇటూ అయినా కరెంటుగా మారి తీగలెక్కి వెళ్లిపోయేది. కంప్యూటరులో ఆ వెసులుబాటు లేదు. లోపలికి వెళ్లిన ప్రతి వాటూ చివరికి వేడిగా గదిలోకే వస్తుంది. అంటే మావాడు మే నెలలో హైదరాబాదులో తలుపులు వేసుకుని 425 వాట్ల హీటరు పక్కన కూర్చుంటున్నాడన్నమాట.

"తాతయ్యా, వాటర్ కూలింగు పెడితే?" అన్నాడు వాడు. నాకు ప్రాణం లేచి వచ్చింది.

ముందుగా వాడికొక మాట చెప్పాను. వేడిని ఎవరూ చంపలేరు. ఒకచోటి నుంచి ఇంకొకచోటికి మోసుకుపోగలం, అంతే. గాలి మోసినా నీరు మోసినా గదిలోకి వచ్చే వేడి అదే 425 వాట్లు. నీళ్లు పెడితే గది చల్లబడదు. మరి లాభమేమిటంటే, నీరు మంచి కూలీ. సమానమైన ఘనపరిమాణంలో చూస్తే గాలి కంటె సుమారు 3,500 రెట్లు వేడిని మోస్తుంది. గోరంత చోటులో పుట్టే వేడిని చప్పున ఎత్తుకుపోయి, జానెడు వెడల్పు, మూరెడు పొడవు ఉన్న రేడియేటరు మీద పరుస్తుంది. అంత పెద్ద వైశాల్యం మీద ఫ్యాన్లు నింపాదిగా తిరిగితే చాలు. మోత తగ్గుతుంది, చిప్పు చల్లబడుతుంది.

ఆ పరికరాల పేర్లు వాడు ఇంగ్లీషులో చెబుతుంటే నేను మన పేర్లు పెట్టుకుంటూ పోయాను. ప్రాసెసరు మీద బిగించే రాగి దిమ్మ మన కండెన్సరు. చిన్న పంపు మన సి.డబ్ల్యు. పంపు. నీళ్లుండే గాజు గొట్టం సర్జి ట్యాంకు. రేడియేటరు కూలింగ్ టవరు. ఫిట్టింగుల త్రెడ్డు చూస్తే పావు అంగుళం బి.ఎస్.పి.! ఆ రోజు నాకు కలిగిన ఆనందం చెప్పలేను. పద్దెనిమిదేళ్ల తరవాత పాత మిత్రుడు రోడ్డు మీద ఎదురుపడినట్టయింది.

"తాతయ్యా, మీ టవర్లంత చల్లగా వస్తుందా?" అని అడిగాడు. రాదని చెప్పాను. మన టవర్లలో నీళ్లు గాలికి తగిలి కొంత ఆవిరయ్యేవి. అందువల్ల గాలి కంటె కింద, వెట్ బల్బు టెంపరేచరు దరిదాపులకు దిగేవి. రేడియేటరులో నీళ్లు గాలికి తగలవు. కాబట్టి గదిలో 32 ఉంటే నీళ్లు 32కి దిగవు. పది, పన్నెండు డిగ్రీలు పైనే ఉంటాయి.

ఇంకొక లెక్క కూడా చేశాం. లీటరు నీరు ఒక నిమిషంలో ఒక్క డిగ్రీ వేడెక్కడానికి 70 వాట్లు పడుతుంది. మా పంపు నిమిషానికి నాలుగు లీటర్లు తిప్పితే 425 వాట్లకు నీళ్లు పెరిగేది ఒకటిన్నర డిగ్రీ. అందుచేత నీళ్లు ముందు ప్రాసెసరుకి పోవాలా, కార్డుకి పోవాలా అన్న చర్చ అనవసరం. ఎటు తిప్పినా తేడా ఒకటిన్నర డిగ్రీకి మించదు. వాడు కాగితం మీద ఆ లెక్క చూసి, "ఇంత సులువా తాతయ్యా" అన్నాడు. ఆ సాయంత్రం నేను రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను.

సరే, సామాన్లు కొనే దగ్గర కథ మలుపు తిరిగింది. ప్రాసెసరు దిమ్మ, కార్డు దిమ్మ, పంపు వాడు కొన్నాడు. రెండు దిమ్మలూ రాగివే. రేడియేటరు నేను కొంటానన్నాను. రాగి, ఇత్తడితో చేసినది ఏడు వేల చిల్లర. చూడడానికి అచ్చం అలాగే ఉన్న అల్యూమినియంది రెండున్నర వేలు. నేను రెండున్నర వేలదే తెప్పించాను. పెట్టె విప్పి చూసి వాడు నెమ్మదిగా అడిగాడు: "తాతయ్యా, రాగికీ అల్యూమినియానికీ పడదంటారు కదా. ఒకే నీళ్లలో పెట్టొచ్చా?"

మిత్రులారా, ఆ ప్రశ్నకు జవాబు నాకు తెలియదా? ఎంతమంది జూనియర్లకు ఆ పాఠం చెప్పాను! కాని ఆ క్షణంలో నా నోటి నుంచి వచ్చిన మాట ఇది: "కార్లన్నిటికీ అల్యూమినియం రేడియేటర్లే కదరా. నేను ముప్పై నాలుగేళ్లు నీళ్లు చూశాను. నాకు చెప్తావా?" వాడు తల వంచుకుని, "సరే తాతయ్యా" అన్నాడు. మూడేళ్ల తరవాత మొదలైన మాటలు మళ్లీ ఆగిపోతాయేమోనని భయపడి ఉంటాడు. నేను ఆ భయాన్ని ఒప్పుకోలు అనుకున్నాను.

బిగింపు మాత్రం శాస్త్రోక్తంగా జరిగింది. హైడ్రాలిక్ టెస్టు లేకుండా బాయిలరు వెలిగించని మనుషులం. ఇక్కడ నీళ్లతో పరీక్ష చేస్తే కారిన చుక్క నేరుగా కార్డు మీద పడుతుంది కనుక గాలితో చేయాలి. నా బి.పి. చూసుకునే డయలు మిషను తెచ్చి, దాని గొట్టాన్ని ఒక ఫిట్టింగుకి తగిలించి బల్బు నొక్కాను. డయలు 300 వరకే. అంటే చదరపు సెంటీమీటరుకి 0.4 కిలోలు. పంపు హెడ్డు కూడా నాలుగు మీటర్లే. ఒకటిన్నర రెట్ల ఒత్తిడి పెట్టే వీలు లేదు గనుక సమయాన్ని పెంచాను. మొదటిసారి పావుగంటలో 300 నుంచి 240కి పడింది. సబ్బు నీళ్లు రాసి చూస్తే ఒక ఫిట్టింగు దగ్గర బుడగలు. ఓ రింగు నలిగింది. మార్చాక గంట సేపు ముల్లు కదలలేదు. మా అమ్మాయి వచ్చి, "నాన్నా, కంప్యూటరుకి బి.పి. ఎంతుంది?" అని నవ్వింది.

తరవాత బ్యాటరీల దుకాణంలో దొరికే డిస్టిల్డ్ వాటరు ఒక లీటరు పోశాం. పంపు పొడిగా తిరగకూడదు. అందుకని ట్యాంకు నింపడం, పంపును కొన్ని సెకండ్లు తిప్పి ఆపడం, మళ్లీ నింపడం, ఇలా గాలంతా బయటికి పోయేవరకు చేశాం. క్యాబినెట్టును అటూ ఇటూ వంచితే మూలల్లో దాగిన బుడగలు కదిలాయి. మదర్‌బోర్డుకి, కార్డుకి కరెంటు ఇవ్వకుండా పంపుకి మాత్రమే ఇచ్చి, ప్రతి జాయింటు కిందా టిష్యూ కాగితం పరిచి ఇరవై నాలుగు గంటలు తిప్పాం. డిస్టిల్డ్ నీళ్లలో కరెంటు పారదు కదా, కారినా పరవాలేదనేవాళ్లు కొందరున్నారు. సీసాలో ఉన్నంతసేపే ఆ మాట నిజం. లోహానికి, దుమ్ముకి, గాలికి తగిలిన నీళ్ల కండక్టివిటీ ఎలా ఎగబాకుతుందో మీకు తెలుసు. కాగితాలన్నీ పొడిగానే ఉన్నాయి.

జూన్ మొదటి వారంలో చార్జి చేశాం. గది 32 డిగ్రీలు, నీళ్లు 44, ప్రాసెసరు 68, కార్డు 57. ఫ్యాన్ల చప్పుడు చెవి పెడితే గాని వినపడదు. ఆ రాత్రి మావాడు నన్ను పక్కన కుర్చీలో కూర్చోబెట్టుకుని శంషాబాదు నుంచి విమానం లేపి, గోదావరి మీదుగా భద్రాచలం దాకా తీసుకెళ్లాడు. ఆనాడు నేను "జూదం పెట్టె" అన్న మాటకు వాడికి క్షమాపణ చెప్పాను.

నేను చేసిన మంచి పని ఒకటుంది. ఒక నోటు పుస్తకానికి గీతలు కొట్టి లాగ్ షీటు తయారు చేసి ఇచ్చాను. రోజూ ఒకే ఆట, అరగంట నడిచాక, గది టెంపరేచరు, నీళ్లు, ప్రాసెసరు, కార్డు, నాలుగు అంకెలు రాయాలి. "అంకె ఒక్కటి చూస్తే ఏమీ చెప్పదురా, వరస చూస్తే అన్నీ చెప్తుంది" అన్నాను. వాడు ఒక్క రోజు మానకుండా రాశాడు.

ఆ పుస్తకమే నన్ను పట్టించింది. ఆగస్టులో ప్రాసెసరు 71. సెప్టెంబరులో 75. దసరా సెలవులకు గది 28కి దిగినా ప్రాసెసరు 81, కార్డు 66. గది చల్లబడుతుంటే చిప్పు వేడెక్కుతోంది. ఇది మన కండెన్సరులో వాక్యూమ్ పడిపోతున్న లక్షణం. ట్యూబులు పూడుతున్నాయన్నమాట. ట్యాంకులో నీళ్లు చూస్తే గంజిలా తెల్లగా మసకబారి ఉన్నాయి. నా కాళ్లలో సత్తువ పోయింది. విప్పకముందే నాకు అర్థమైంది.

దిమ్మ విప్పాం. రాగిలో వెంట్రుకంత సన్నగా కోసిన చాళ్లుంటాయి, నీళ్లు పారేవి. అవి తెల్లని జిగురుతో పూడిపోయి ఉన్నాయి. అల్యూమినియం హైడ్రాక్సైడు. రేడియేటరు అడుగు మూలలో బయటివైపు తెల్లని పొక్కు ఒకటి, వేలితో గీకితే చెమ్మ. ఇంకొక నెల ఆగితే అక్కడ చిల్లు పడి కార్డు మీద కారేది.

కారణం మనకు కొత్తది కాదు. రాగి, అల్యూమినియం రెంటినీ ఒకే నీళ్లలో పెట్టి, క్యాబినెట్టు లోహం ద్వారానో ఫిట్టింగుల ద్వారానో తగిలిస్తే అది బ్యాటరీ అవుతుంది. రాగి పొటెన్షియల్ ప్లస్ 0.34 వోల్టులు, అల్యూమినియంది మైనస్ 1.66. తినబడేది అల్యూమినియమే. మామూలుగా దాని మీదుండే ఆక్సైడు పొర దాన్ని కాపాడుతుంది. నీళ్లలో కరిగిన రవ్వంత రాగి వచ్చి ఆ పొర మీద అక్కడక్కడ దిగితే ఆ చోటల్లా గుంట పడుతుంది. పైగా డిస్టిల్డ్ వాటరు ఆకలిగొన్న నీరు. దేన్నైనా కరిగించుకోవాలని చూస్తుంది. మరి కార్లలో? కార్లలో పోసేది ఉత్త నీళ్లు కాదు, తుప్పు నిరోధించే మందులు కలిపిన కూలెంటు. అది ఏళ్లు గడిచేకొద్దీ మార్చాలి కూడా. నేను కారు రేడియేటరును చూశాను గాని, అందులోని నీళ్లను చూడలేదు. నీళ్ల కెమిస్టును!

ఈ లోపల ఇంట్లో సంగతి తెలిసిపోయింది. భోజనాల దగ్గర మా అల్లుడుగారు, "చూశారా మామయ్యగారూ వీడి నిర్వాకం! డబ్బంతా నీళ్లపాలు చేశాడు. రేపే ఆ పెట్టె అమ్మేస్తాను" అన్నారు. మావాడు తల ఎత్తలేదు. రేడియేటరు ఎవరు కొన్నారో చెప్పలేదు. వద్దన్నానని చెప్పలేదు. పెరుగన్నం కలుపుకుంటూ కూర్చున్నాడు. వాడి పక్కనే ఆ లాగ్ పుస్తకం ఉంది.

నేను ముప్పై నాలుగేళ్ల సర్వీసులో ఒకటి రెండుసార్లు తప్పు రీడింగు ఇచ్చి, ఎవరూ కనిపెట్టకపోతే మౌనంగా సర్దుకున్న సందర్భాలున్నాయి. ఆ రోజు కూడా ఊరుకుంటే సరిపోయేది. వాడు చెప్పేవాడు కాదు. ఆ సంగతి నాకు తెలియడమే నన్ను కూర్చోనివ్వలేదు. "అల్లుడుగారూ, ఆ రేడియేటరు వాడు కొనలేదు, నేను కొన్నాను. రాగితో కలపకూడదని వాడు ముందే అడిగాడు. నేనే నోరు మూయించాను" అన్నాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. మా అల్లుడుగారు మంచివారు. "మీరా మామయ్యగారూ" అని మాత్రం అన్నారు. అంతకంటె ఏమన్నా నాకు తేలికగా ఉండేది. భోజనమయ్యాక మావాడు నా గదికి వచ్చి, "పదండి తాతయ్యా, విప్పుదాం" అన్నాడు.

మరమ్మతు నాలుగు రోజులు పట్టింది. దిమ్మల్ని వంటింటి వెనిగరు కొంచెం కలిపిన నీళ్లలో నానబెట్టి, మెత్తని టూత్ బ్రష్షుతో చాళ్ల వెంట తోమి, డిస్టిల్డ్ వాటరుతో కడిగాం. గొట్టాలు కొత్తవి వేశాం. నా పెన్షనులోంచి రాగి రేడియేటరు తెప్పించాను. కొత్త రేడియేటరులో టంకం పెట్టినప్పటి మడ్డి ఉంటుంది గనుక, వేడినీళ్లు పోసి ఊపి పారబోయడం, తెల్లగుడ్డ మీద మరక పడనంతవరకు చేశాం. చివరగా ఉత్త నీళ్లు కాకుండా, తుప్పు నిరోధకం, నాచు పట్టకుండా మందు కలిపిన రంగులేని కూలెంటు పోశాం. రంగు నీళ్లు చూపుకి బాగుంటాయి గాని, ఆ రంగు చాళ్లలో పేరుకోవచ్చు. పైగా మసకబారిన నీళ్లను దాచిపెడుతుంది. బి.పి. మిషను మళ్లీ పని చేసింది. అయితే ఈసారి బల్బు వాడు నొక్కాడు, డయలు నేను చూశాను.

అప్పటి నుంచి ఏటా ఒకసారి నీళ్లు మారుస్తున్నాం. రేడియేటరు రెక్కల్లో దుమ్ము నెలనెలా ఊదుతున్నాం. లాగ్ పుస్తకంలో వరస తిన్నగా నడుస్తోంది.

మనలో చాలామందిమి ఇంటికి వెళ్లాక మన అనుభవాన్ని ఎవరూ అడగడం లేదని బాధపడుతుంటాం. అడిగినప్పుడు ఎలా ఇస్తున్నామో కూడా చూసుకోవాలని నా మనవి. పుస్తకాల్లో చదివి వచ్చిన పిల్లవాడు సందేహం అడిగితే అది మన సర్వీసు మీద అభియోగం కాదు. కండక్టివిటీ మీటరు అలారం కొడితే మీటరుని తిట్టేవాళ్లమా? శాంపిలు తీసి చూసేవాళ్లం. ఆ రోజు నా మనవడు అలారం కొట్టాడు. నేను శాంపిలు తీయకుండా అలారం ఆపేశాను.

చివరగా ఒక మాట. 2024 ఆగస్టులో మన పాత స్టేషను కూలింగ్ టవర్లు ఎనిమిదింటినీ కూల్చివేశారు. మీలో కొందరు దూరం నుంచి కళ్లారా చూశారు. నేను హైదరాబాదులో ఆ వీడియో మావాడి కంప్యూటరు మీద చూశాను. వాడే పెట్టి చూపించాడు. మన జీవితమంతా తలెత్తి చూసిన టవర్లు నడుములు విరిగి కొన్ని సెకండ్లలో దుమ్మయ్యాయి. నాకు మాట రాలేదు. వాడు కాసేపు ఆగి, "తాతయ్యా, వాటిల్లోంచి పొగ వచ్చేదా?" అని అడిగాడు. "పొగ చిమ్నీది నాన్నా. టవర్లలోంచి వచ్చేది ఆవిరి. మేము నీళ్లకిచ్చిన వేడి అలా ఆకాశంలోకి పోయేది" అన్నాను. వాడు పంపు మీద చెయ్యి పెట్టి చూసుకుని, "మనది గదిలోకే పోతోంది" అని నవ్వాడు. నా చేతిని కూడా తీసి ఆ గొట్టం మీద పెట్టాడు. గోరువెచ్చగా ఉంది.